లూయీ బ్రెయిలీ: వ్రేళ్ళకందిన అక్షరము

సికిందరాబాదు కంటోన్మెంటునందు కార్ఖానా యను పేట గలదు. కార్ఖానా యనగా పనిముట్లతో వస్తువులు చేయు చోటని మన జనులందఱకు దెలిసిన మాటయే. లోకమునందలి అంధులకు అక్షరమిచ్చిన మహనీయుడొకడు అట్టి కార్ఖానాలోనే చూపు గోల్పోయెను. అది ఫ్రాన్సు దేశమునందలి ఒక గ్రామమున గుఱ్ఱపుజీనులు కుట్టు కార్ఖానా; ఆ మహనీయుని పేరు లూయీ బ్రెయిలీ. ఆయన జన్మదినమగు జనవరి 4వ తేదీని 2019 నుండి ఐక్యరాజ్యసమితి ప్రపంచ బ్రెయిలీ దినముగా పాటించుచున్నది. వికలాంగులగు బాలబాలికలకు తరగతిలో ఏ ఉపకరణములు కావలయును, వాని మంచిచెడ్డలను ఎవరు నిర్ణయింపవలయును అను ప్రశ్న నేడు మన పాఠశాలల ముందున్నది. ఈ ప్రశ్నకు ఆయన జీవితముకంటె మేలైన యుత్తరము మాకు గానరాదు. కావున ఆ చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

లూయీ 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన, పారిసు నగరమునకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న కూవ్రే గ్రామమున జన్మించెను. తండ్రి సిమోను రెనే జీనులు, కళ్ళెములు, గుఱ్ఱపు సామానులు చేయు నేర్పరి. తల్లి పేరు మోనిక్. నలుగురు సంతానములో లూయీ కడగొట్టువాడు. 1812లో, మూడేండ్ల ప్రాయమున, తండ్రి పనిచేయు చోట ఆడుకొనుచు వాడియగు ఆరెను చేతబట్టి తోలుముక్కను పొడువబోగా, అది జాఱి కంటిలో గ్రుచ్చుకొనెను. పుండు చీము పట్టుటకు సూక్ష్మక్రిములు కారణమని వైద్యులకే తెలియని కాలమది. ఒక కంటి వ్యాధి రెండవ కంటికి ప్రాకెను. అయిదేండ్లు నిండునప్పటికి రెండు కన్నులును చీకటియయ్యెను.

ఆ దినములలో ఐరోపాయందైనను మన దేశమందైనను బీదయింట అంధుడగు బిడ్డకు భిక్షాటనము తప్ప వేఱు దారి లేదని జనులు తలచుచుండిరి. సిమోను రెనే అట్లు తలపలేదు. కుమారునకు చేతికఱ్ఱలు చెక్కియిచ్చి ఊరి వీధులలో ఒంటరిగ నడచుట నేర్పెను. చెక్కపై మేకులు దిగగొట్టి అక్షరముల ఆకారములు కూర్చి, వానిని వ్రేళ్ళతో తడవి గుర్తింపజేసెనని చరిత్రకారులు చెప్పుదురు. ఊరి మతాచార్యుడగు పల్వీ బాలుని తెలివిని గుర్తించి పాఠములు చెప్పెను. బడిపంతులు బెషరే కన్నులుగల పిల్లలతోపాటు అతనిని బడిలో గూర్చుండబెట్టెను. సమ్మిళిత విద్యయని నేడు మనము చెప్పుకొనుచున్న దానిని రెండువందల యేండ్ల క్రిందట ఒక పల్లెటూరి పంతులు ఏ పేరును పెట్టక చేసి చూపెను. చెవితో విని నేర్చు పాఠములందు లూయీ ఎవ్వరికిని తీసిపోలేదు. కాని తక్కిన పిల్లలు పుస్తకములు తెఱచినప్పుడును, పలకలు పట్టినప్పుడును అతడు ఊరక కూర్చుండవలసి వచ్చెను. బడిలో చోటు దొఱకినది. చదువుటకు సాధనము దొఱకలేదు. ఈ భేదమును పాఠకులు గమనింప గోరుచున్నాము. ఈ చరిత్రకంతటికి ఇదియే మూలము.

1819వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, పదేండ్ల ప్రాయమున, లూయీ పారిసునందలి రాజకీయ అంధబాలుర విద్యాలయమున జేరెను. ప్రపంచమున అంధులకై పుట్టిన మొదటి పాఠశాల అదియే. దానిని 1785 ప్రాంతమున వలెంటీను ఆవీ యను ఉదారుడు స్థాపించెను. ఆయన మందపు కాగితముపై మామూలు లాటిను అక్షరములను ఉబ్బెత్తుగా అచ్చువేయించి, వ్రేళ్ళతో తడవి చదువు పద్ధతిని కల్పించెను. అంధులు చదువగలరని లోకమునకు మొట్టమొదట ఋజువు చేసిన ఆ పుణ్యపురుషునకు మనము నమస్కరింపవలసినదే. అయినను ఆ పద్ధతియందు పెద్ద లోపముండెను. గుండ్రని గీతలను, వంపులను కన్ను ఒక్క చూపులో పట్టును; వ్రేలు వానిని మెల్లమెల్లగ తడవుకొనవలయును. ఒక మాట చదువుటకే ఎంతో కాలము పట్టెడిది. అక్షరములు పెద్దవగుటచే పుస్తకములు మోయరాని బరువయ్యెను. వాని సంఖ్యయును మిక్కిలి స్వల్పము. అన్నిటికంటె ముఖ్యముగ, ఆ అక్షరములను విద్యార్థి తన చేతితో వ్రాసికొనలేడు. ఇతరులు అచ్చువేసి యిచ్చిన కొలది పుస్తకములు చదువుటయే గాని, తన తలపును తాను కాగితమున బెట్టి మరల చదువుకొను భాగ్యము లేదు. ఈ పద్ధతి ఉపాధ్యాయులకు నచ్చుటకు కారణమొక్కటి గలదు. ఆ అక్షరములను కన్నులుగల ఉపాధ్యాయులును సుఖముగ చదువగలిగిరి.

1821లో ఛార్లెసు బార్బియే యను పూర్వ సైన్యాధికారి తాను కల్పించిన క్రొత్త లిపినొకదానిని ఆ పాఠశాలకు గొనివచ్చెను. అందు అక్షరముల ఆకారములు లేవు. కాగితముపై ఉబ్బిన చుక్కలు మాత్రమే యుండెను. రెండు నిలువు వరుసలలో, వరుసకు ఆఱు చొప్పున, పండ్రెండు చుక్కలవఱకు ఒక్కొక్క ధ్వనిని సూచించెడివి. వ్రేలికి గీతకంటె చుక్క సులభముగ తెలియునని విద్యార్థులు వెంటనే గ్రహించిరి. మొనగల పనిముట్టుతో ఆ చుక్కలను తామే పొడువవచ్చునని తెలిసినప్పుడు వారి సంతోషమునకు మేరలేకుండెను. కాని పండ్రెండు చుక్కల గుంపు వ్రేలికొనకు అందదు. వ్రేలిని పైకి క్రిందికి జరుపవలయును. ఆ లిపి ధ్వనులకేగాని వర్ణక్రమమునకు చోటీయదు. అంకెలు లేవు, విరామచిహ్నములు లేవు, సంగీతము లేదు. ఈ లోపములను లూయీ కనుగొనెను. అప్పటికి అతనికి పండ్రెండేండ్లు. బార్బియే పెద్దవాడు, పేరుగలవాడు. బాలుని సూచనలు ఆయనకు రుచింపలేదు.

లూయీ పట్టు విడువలేదు. పగలు పాఠములు, రాత్రులు ఈ పని; సెలవులలో కూవ్రే గ్రామమున తండ్రి యింట ఈ పని. ఇట్లు మూడేండ్లు గడచెను. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయమున, లిపిని చాలవఱకు సిద్ధపఱచెను. మొనగల పనిముట్టు తన కన్నులను హరించినది. అదే జాతి పనిముట్టుతో అతడు తనవారికి అక్షరములు చెక్కెను.

ఆ లిపి నిర్మాణమును మన పాఠకులు సులభముగ గ్రహింపవచ్చును. జనవరి మొదటి దినములు ధనుర్మాసములోనివి. మన యాడువారు ప్రతి వాకిట చుక్కలు పెట్టి ముగ్గులు వేయుదురు. చుక్కలు కొన్నియే, వానినుండి పుట్టు రూపములు పెక్కు. లూయీ పండ్రెండు చుక్కలను ఆఱింటికి తగ్గించెను. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. అంతయు వ్రేలికొన క్రింద ఒక్కమాఱుగా అమరును. ఆఱు చోటులలో ఏవి ఉబ్బెత్తుగా నున్నవి, ఏవి లేవు అను భేదముచే 63 గుర్తులు పుట్టును. వానిలో మొదటి పది అక్షరములకు పైనున్న నాలుగు చుక్కలనే వాడెను. వానికి క్రింది చుక్క యొక్కటి చేర్చిన రెండవ పది, రెండు చేర్చిన మూడవ వరుస వచ్చును. ఇట్టి క్రమముండుటచే చిన్నపిల్లలును కొలది దినములలో కంఠస్థము చేయగలరు. అక్షరములకే గాక అంకెలకు, విరామములకు, సంగీతస్వరములకు సయితము ఈ గుర్తులే చాలును.

వ్రాయు విధమును వివరింతుము. గళ్ళుగల పలకలో కాగితమును బిగించి చిన్న గంటముతో పొడిచినచో కాగితపు వెనుకవైపున బొడిపెలు లేచును. కావున కుడినుండి ఎడమకు వ్రాసి, కాగితమును త్రిప్పి, ఎడమనుండి కుడికి చదువవలయును. తాటియాకుపై గంటముతో వ్రాసిన జాతివారమగు మనకు ఈ సాధనము క్రొత్తగ తోపదు.

1829లో లూయీ తన పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించెను. 1837లో దానిని సవరించి రెండవమాఱు ప్రకటించెను. 1833లో ఆ విద్యాలయముననే పూర్తి ఉపాధ్యాయుడయ్యెను. వ్యాకరణము, భూగోళము, గణితము, సంగీతము బోధించెను. ఆర్గను వాద్యమున గొప్ప ప్రజ్ఞ సంపాదించి పారిసునందలి సెయింటు నికొలా దే షాం దేవాలయమున వాద్యకారుడుగ నుండెను. శిష్యులయెడ ఎంతో దయగలవాడు. బీదలకు అప్పులిచ్చి మరల అడుగనివాడు. అప్పటికే క్షయరోగము ఆయనను పట్టియుండెను.

ఇక ఈ చరిత్రలో మిక్కిలి దుఃఖకరమగు ఘట్టమును చెప్పవలసియున్నది. విద్యార్థులందఱు ఈ లిపిని ప్రాణముగ నెంచుచుండిరి. అధ్యక్షుడు పిఞ్యే దానికి తోడ్పడుచుండెను. 1840లో పిఞ్యే తొలగింపబడగా, ఉపాధ్యక్షుడగు దుఫో ఆ పదవికి వచ్చెను. ఆయన బ్రెయిలీ లిపిని నిషేధించెను. దుఫో దుర్మార్గుడని మేము చెప్పము. అంధులకు వేఱు లిపి యున్నచో వారు సమాజమునుండి వేఱుపడుదురని ఆయన భయపడెను. ఈ భయము మంచి మనస్సునుండియే పుట్టియుండవచ్చును. కాని లిపిని వాడువారి వ్రేళ్ళు ఏమి చెప్పుచున్నవో ఆయన అడుగలేదు. తన కన్నులకు తెలియని లిపి విద్యార్థులకు హితము గాదని నిశ్చయించెను. విద్యార్థులు మాత్రము దానిని విడువలేదు. చాటుగ వ్రాసికొనిరి, ఒండొరులకు నేర్పుకొనిరి. ఏ శాసనమును ఆ లిపిని వారి వ్రేళ్ళనుండి తీసివేయజాలదయ్యెను. తుదకు జోసెఫు గువాడే యను సహాయకుడు ఈ సంగతిని చూచి, అధ్యక్షునకు నచ్చజెప్పెను. 1844వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన విద్యాలయపు క్రొత్త భవనమును ప్రారంభించు సభలో గువాడే ఈ లిపి చరిత్రమును బహిరంగముగ వివరించెను. విద్యార్థులు సభవారి యెదుట వ్రాసి చదివి చూపిరి. నిషేధము తొలగెను.

దుఫో వెలిబుచ్చిన భయమునకు లూయీ తానే యంతకుముందు ఉత్తరము సిద్ధపఱచియుండెననుట విశేషము. 1839లో ఆయన మఱియొక పద్ధతిని ప్రకటించెను. ఇందు అంధుడు చుక్కలతోనే మామూలు అక్షరముల ఆకారములు పొడిచి, కన్నులుగల తల్లిదండ్రులకు, స్నేహితులకు ఉత్తరములు వ్రాయవచ్చును. అంధుడును యంత్రనిర్మాణకుశలుడునగు పియర్ ఫూకో ఆ పనిని వేగముగ చేయుటకు 1841లో ఒక యంత్రమును నిర్మించెను. ఇప్పటి టైపు యంత్రములకు ఇది పూర్వులలో నొకటి. అంధులకును చూపుగలవారికిని నడుమ వంతెన కట్టవలయునన్నచో అంధుల లిపిని చంపనక్కఱలేదని ఈ యిరువురు కార్యమున చూపిరి.

1852వ సంవత్సరము జనవరి 6వ తేదీన, 43 ఏండ్లు నిండిన రెండు దినములకు, లూయీ బ్రెయిలీ క్షయరోగమునకు బలియయ్యెను. 1854లో ఆయన లిపికి ఫ్రాన్సునందు అధికారపూర్వకమగు అంగీకారము లభించెను. చూచుటకు ఆయన లేడు. 1878లో పారిసున సమావేశమైన అంతర్జాతీయ మహాసభ అంధుల విద్యకు ఈ లిపినే ఆమోదించెను. ఆయన చనిపోయిన నూఱేండ్లకు, 1952లో, ఆయన అస్థులను ఫ్రాన్సు దేశపు మహాపురుషుల సమాధిమందిరమగు పాంథియోనునకు గొనిపోయిరి. చేతులను మాత్రము జన్మగ్రామమగు కూవ్రేయందే యుంచిరి. ఆ గ్రామస్థుల అభిమానము తగిన చోటనే నిలిచినదని మేము తలచుచున్నాము.

ఈ లిపి మన దేశమునకు వచ్చిన కథయు తెలిసికొనదగినది. 1887లో అమృతసరమున మొదటి అంధపాఠశాల స్థాపితమయ్యెను. పిమ్మట ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క విధముగ ఈ చుక్కలను మన భాషల కన్వయించుకొనిరి. ఒక ప్రాంతపు పుస్తకము మఱియొక ప్రాంతపు బాలునకు పనికిరాకుండెను. ఈ గందరగోళము 1951లో భారతీ బ్రెయిలీ యను ఉమ్మడి లిపి నిర్ణయముతో తొలగెను. దీనియందు ఒకే ధ్వనికి భారతీయ భాషలన్నిటను ఒకే గుర్తు. తెలుగు కకారమునకును హిందీ కకారమునకును ఇంగ్లీషు కే యక్షరమునకును ఒకటవ, మూడవ చుక్కలే గుర్తు. మన తెలుగున గుణింతపు గుర్తులు అక్షరమునకు పైన, ప్రక్కన చేరును. వత్తులు క్రింద చేరును. చుక్కల లిపిలో పైనను క్రిందను చోటులేదు గనుక అన్నియు వరుసగనే వచ్చును. హల్లు తరువాత అచ్చు వచ్చును. సంయుక్తాక్షరమునకు ముందు పొల్లు గుర్తు వచ్చును. తెలుగు బాలుడు ఒక్కమాఱు నేర్చినచో హిందీ, ఇంగ్లీషు పుస్తకములకును ద్వారము తెఱచుకొనును. ఆ 1951లోనే డెహ్రాడూనున కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయము వెలసెను. అమెరికాయందు డేవిడ్ ఏబ్రహాము నిర్మించిన ఆఱుమీటల పెర్కిన్సు యంత్రము ఆ యేడే విక్రయమునకు వచ్చెను.

నేడు ఉపకరణములు పెరిగినవి. కంప్యూటరు తెరమీది మాటలను పైకి చదువు సాధనములున్నవి; సూక్ష్మమగు సూదులు లేచి పడుచు వ్రేలిక్రింద బ్రెయిలీ వరుసలు చూపు యంత్రములున్నవి. 2006లో ఆస్ట్రేలియా దేశమున మైకేల్ కరన్ అను అంధయువకుడు ప్రారంభింపగా, జేమ్సు టే యను మఱియొక అంధుడు తోడ్పడి పెంచిన ఎన్.వి.డి.ఎ. అను సాధనము ఉచితముగ లభించుచున్నది. తెలుగును సయితము చదువును. ఇచ్చటను వాడువారే నిర్మాతలైరి. అయితే తెలుగున పెక్కు పుస్తకములను అచ్చుపనికై యూనికోడు కాని అక్షరములతో కూర్చుచున్నారు. అట్టివానిని ఈ సాధనములు చదువలేవు. అర్థములేని శబ్దములు వినవచ్చును. ప్రకాశకులు యూనికోడు ప్రతినొకదానిని సిద్ధముగ నుంచుట పెద్ద వ్యయము గాదు. అంధులకు చదువదగిన ప్రతులు చేయుటకు మన కాపీరైటు చట్టము 2012 సవరణమువలన అనుమతించుచున్నది. మర్రాకేషు ఒడంబడికను 2014లో ప్రపంచదేశములలో మొట్టమొదట ధ్రువపఱచినదియు మన దేశమే.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట మా విధి. పలుకు యంత్రములు వచ్చినవి గదా, పిల్లలకు బ్రెయిలీ నేర్పుట యెందులకని కొందఱు వాదించుచున్నారు. వినుట వేఱు, చదువుట వేఱు. చెవితో కథ వినిన బాలునకు ఒత్తు ఎచ్చట నున్నదో, దీర్ఘమెచ్చట నున్నదో, వాక్యమెచ్చట ముగిసినదో తెలియుట కష్టము. లెక్కను మెట్లుమెట్లుగ వేసి మరల సరిచూచుకొనుట యెట్లు? చూపుగల బిడ్డలకు పాఠములు వినిపించి అక్షరములు నేర్పకుండ ఏ తల్లిదండ్రులైనను సమ్మతింతురా? యంత్రములు మిక్కిలి మేలైన తోడు. అక్షరమునకు బదులు మాత్రము గాజాలవు. దుఫో చేసిన పొరబాటును మనము క్రొత్త పేరుతో చేయకుందుము గాక.

సికిందరాబాదు ప్రాంతము ఈ విషయమున అనుభవము లేనిది గాదు. బోయినపల్లియొద్ద మనోవికాసనగరునందు బుద్ధిమాంద్యముగలవారికై జాతీయసంస్థ 1984లో వెలసెను. 1991లో స్థాపితమైన దేవనార్ సంస్థ బేగంపేటయందు అంధబాలబాలికల పాఠశాలను నడపుచున్నది. ఇట్టి ప్రత్యేక సంస్థలు అవసరమే. కాని కార్ఖానాలో పుట్టిన అంధబాలుడు కార్ఖానాలోని బడికే పోగోరినచో, కూవ్రే గ్రామమున లూయీవలె చోటుండి సాధనము లేక ఊరక కూర్చుండవలసినదేనా యనునది మా ప్రశ్న. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము, నలువదిశాతమునకు తక్కువగాని వైకల్యము నిర్ణయింపబడిన విద్యార్థులకు పదునెనిమిదేండ్లు వచ్చువఱకు పుస్తకములును తగిన ఉపకరణములును ఉచితముగ నీయవలయునని విధించుచున్నది. బ్రెయిలీ, సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులను నియమింపవలయుననియు చెప్పుచున్నది. కావున ఇది దయాధర్మముగ అడుగవలసినది గాదు, హక్కుగ అడుగవలసినది.

పాఠశాలల మేలుకోరు పురప్రముఖులకును గ్రామములందలి పెద్దలకును మేము మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మీ బడిలో అట్టి బిడ్డ యున్నచో, పాఠ్యపుస్తకము తక్కిన పిల్లలకు వచ్చిన దినముననే ఆ బిడ్డకును వచ్చినదా యని విచారింపుడు. సంవత్సరాంతమున వచ్చిన పుస్తకము రాని పుస్తకముతో సమానము. రెండవది: పలక, గంటము, మందపు కాగితము ఇచ్చి ఛాయాచిత్రము తీయించుకొనుటతో పని ముగియదు, నేర్పు ఉపాధ్యాయుడు వారమునకెన్ని దినములు వచ్చుచున్నాడో కనుగొనుడు. మూడవది: ఏ ఉపకరణమును కొనినను, కొనకముందే దానిని వాడబోవు బిడ్డ చేతికిచ్చి, ఆ బిడ్డ యేమి చెప్పునో వినుడు. కన్నులుగలవారికి అందముగ దోచిన అక్షరములు వ్రేళ్ళకు అడ్డుపడిన సంగతిని పైన జెప్పియున్నాము. ఆ లోపమును సరిదిద్దినవాడు విద్యామంత్రి గాడు, పండితుడు గాడు. ఆ లోపముతో ప్రతిదినము బాధపడిన పదునైదేండ్ల బాలుడు. మన బడులందును అట్టి బాలబాలికలు గలరు. వారికి తగిన సాధనము అందినచో, వారు మన దయకై చేతులు చాపక తమ వ్రేళ్ళతో లోకమును చదువుకొందురు.